మూడో కుప్ప

క్రాంతి కుమార్ పార తిరగేసి, దాని కట్టెతో తన పెదనాన్న ఎడమ చెయ్యి విరగ్గొట్టిన పొద్దున, ఆ పెదనాన్న కూతురు ప్రవళిక పట్నంలో ఒక చల్లటి గదిలో నిలబడి, అసూయ లేని పంపకం అంటే ఏమిటో పదిహేను మందికి వివరిస్తోంది.

కంప్యూటర్ సైన్సులో ఆమె పరిశోధన నాలుగో ఏడులో పడింది. ఉన్నదాన్ని కొందరి మధ్య పంచాలంటే ఎవరికీ అన్యాయం జరగకుండా ఎలా పంచాలి, కొందరు కలిసి ఓటు వేసి తేల్చుకుంటే ఆ ఓటు ఎప్పుడు న్యాయంగా ఉంటుంది, ఎప్పుడు ఉండదు అన్నది ఆమె పని. తన వాటాను పక్కవాడి వాటాతో మార్చుకోవాలని ఎవరికీ అనిపించకపోతే అది అసూయ లేని పంపకం. ఆ మాట చెప్పి బోర్డు వైపు తిరిగేసరికి బల్ల మీద ఫోను కదిలింది. ముడిమ్యాల నుంచి శాంసన్ సార్. చిన్నప్పుడు ఆమెకు లెక్కలు చెప్పిన మాస్టారు. ఊరికే చేసే మనిషి కాదు.

"మీ బాపును చేవెళ్ల దవాఖానకు తీస్కపోతున్నం బిడ్డా. జర వస్తవా?" అన్నాడాయన.

ఆమె వెళ్లేసరికి తండ్రి కొమురయ్య మంచం మీద కూర్చుని ఉన్నాడు. ముంజేయి మోచేతికి కింద ఇంకో కీలు ఉన్నట్టు వంగిపోయింది. ఒక చోట చర్మం చీలి ఎముక కొన తెల్లగా కనిపిస్తోంది. ఆయన మూలగడం లేదు. పళ్లు బిగించి గోడ వైపు చూస్తున్నాడు.

"మోటర్ బంద్ చెయ్యిరా, ఇయ్యాల నా వంతు అన్న. చెయ్యనన్నడు. స్టార్టర్ డబ్బ కాడికి నేనే పోయిన. ఎనక నుంచి ఏసిండు. ఒక్కటి కాదు, మూడు. పడ్డంక గూడ ఏసిండు" అని చెప్పాడు.

క్రాంతి చెయ్యి కూడా సరిగ్గా అక్కడే, మోచేతికి కిందే, తను విరిచేస్తున్నట్టు ప్రవళిక కళ్ల ముందు కనిపించింది. ఆ బొమ్మ అంత స్పష్టంగా రావడం చూసి తనకే భయం వేసింది.

బయట వరండాలో శాంసన్ సార్ నెమ్మదిగా మిగతాది చెప్పాడు. పది రోజుల కింద క్రాంతి తండ్రి, చిన్నాయన కుర్మయ్య పొట్టేలు కొమురయ్య మొక్కజొన్నలో పడింది. కొమురయ్య దాన్ని పట్టి అక్కడికక్కడే కోసి, తల తీసుకుపోయి తమ్ముడి గడప ముందు పెట్టి వచ్చాడు. కుర్మయ్య భార్య పొద్దున వాకిలి ఊడ్వడానికి తలుపు తీసి దాని మీద కాలేసింది.

"గిది మీ బాపు నీకు చెప్పలేదా?"

"లేదు సార్."

"చెప్పడు. ఇద్దరిల ఎవ్వడు తను చేసింది చెప్పడు."

తాత చనిపోయి ఆరేళ్లయింది. ఆరెకరాల భూమి ఇంకా ఆయన పేరు మీదే ఉంది. రోడ్డుకు ఆనుకుని ఒక తునక, బోరు ఉన్న ఎర్రచెలక ఒకటి, వాగు పక్కన నల్లరేగడి ఒకటి. చిన్న మంగళారం వైపు చేలన్నీ ఒక్కొక్కటే ప్రహరీలు కట్టుకుని ఫాంహౌసులయ్యేకొద్దీ అన్నదమ్ములకు ఒకరి మీద ఒకరికి అనుమానం పెరిగింది. పంచుకుందామని కూర్చున్న ప్రతిసారీ కొట్టుకునే లేచారు. కుర్మయ్య కొడుకు క్రాంతి డిగ్రీ మధ్యలో మానేసి ప్లాట్లు చూపించే పనిలో తిరుగుతున్నాడు. ప్రవళిక తల్లి ఎప్పుడో పోయింది. ఇంట్లో కొమురయ్య ఒక్కడే ఉంటాడు.

కట్టు కట్టించి తండ్రిని ఇంటికి తెచ్చిన రోజే ప్రవళిక నిశ్చయించుకుంది. నాలుగేళ్లుగా కాగితాల మీద పంచుతున్నది, ఈ ఒక్కసారి నేల మీద పంచి చూడాలి. పోలీసు కేసు పెడతానని తండ్రి పట్టుబట్టాడు. మూడు వారాలు ఆగమని బతిమాలింది. అటు చిన్నాయన ఇంటికి తనే వెళ్లింది. క్రాంతి గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాడు.

"ఏం, చెల్లె. చెయ్యి ఇరగ్గొడ్తానికొచ్చినవా?"

"రావాలనిపించింది అన్న. కానీ భూమి పంచనీకి వచ్చిన" అంది.

అతను పక్కకు జరిగాడు.

మొదటి కూర్చోవడం శాంసన్ సార్ ఇంట్లో జరిగింది. క్రాంతి చేతిలో కర్ర, కొమురయ్య నడుములో చిన్న కత్తి. సార్ రెండూ తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేశాక గానీ కూర్చోనివ్వలేదు. లోపలి గదిలో నేల మీద ప్రవళిక సుద్దముక్కతో మూడు తునకల పటం గీసింది. అన్నకు వంద చింతగింజలు, తమ్ముడికి వంద లెక్కపెట్టి ఇచ్చింది.

"ఒక్కొక్కలే లోపలికి పోవాలె. ఏ తునక మీద మీకు ఎంత మనసుంటే అన్ని గింజలు దాని మీద పెట్టాలె. నేను రాస్కొని గింజలు తీసేస్త. రెండోవాళ్లకు తెల్వనియ్య. ఎవరికి ఏది ఎక్కువ కావాల్నో అది వాళ్లకే పోతది. ఎవరికన్న సగం కంటే తక్కువొస్తే ఆఖరి తునకను కోసి సరిచేస్త."

క్రాంతి తండ్రి వెనక గోడకు ఆనుకుని వింటున్నాడు. "పెద్దబాపు ఏడ ఎన్ని పెట్టిండో మాకు తెలిస్తే, దాన్ని బట్టి మేం అబద్ధం పెట్టొచ్చు గదా?" అని అడిగాడు.

ఆ ప్రశ్న మీద పెద్ద పెద్దవాళ్లు పరిశోధనా పత్రాలు రాశారు. ప్రవళికకు కోపంలో కూడా ముచ్చటేసింది.

"పెట్టొచ్చు. అందుకే తెల్వనియ్య అంటున్న."

కొమురయ్య లోపలికి పోయి చాలాసేపు రాలేదు. వచ్చాక ఆమె చూస్తే బోరుచెలక మీద అరవై, వాగురేగడి మీద ఇరవై అయిదు, రోడ్డు తునక మీద పదిహేను ఉన్నాయి. కుర్మయ్య పెట్టినవి రోడ్డు తునక మీద డెబ్బై, బోరు మీద ఇరవై, వాగు మీద పది.

ఆమె రెండుసార్లు చూసుకుంది. బోరు, వాగు అన్నకు పోతే అతని గింజల్లో ఎనభై అయిదు అతనికే దక్కుతాయి. రోడ్డు తమ్ముడికి పోతే అతనికి డెబ్బై. ఇద్దరికీ సగం కంటే ఎక్కువే. ఆరేళ్లుగా తలలు పగలగొట్టుకున్నది ఒకే దాని కోసం కాదు. ఒకరికి కావలసింది ఇంకొకరికి అక్కర్లేదు. ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరూ చెప్పలేదు.

ఆ మాట ఆమె అందరికీ చెప్పింది. కుర్మయ్య అన్న వైపు చూసి, "నీకు రోడ్డు భూమి అక్కర్లేదా?" అన్నాడు.

"నాకెందుకురా అది. నువ్వు బోరు గుంజుకుంటవని గదా నేను..." అన్నాడు కొమురయ్య.

వారం తర్వాత పొలం దగ్గర హద్దురాళ్లు పాతుదామని నిర్ణయించుకుని లేచారు. ఆ వారమంతా ప్రవళికకు నేల మీద నడుస్తున్నట్టు లేదు. తన గైడు విశ్వేశ్వర్ సార్ గదికి పోయి పటమూ లెక్కా అన్నీ చూపించింది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, చాలా బాగుందన్నాడు. తర్వాత మామూలుగా అడిగాడు.

"మీ తాతగారికి పిల్లలు ఇద్దరేనా?"

ఆమె పటం వైపు చూసింది.

"ముగ్గురు సార్. మా మేనత్త ఉన్నది."

"మరి పటంలో?"

ప్రతి పత్రంలోనూ ఆమె రాసే మొదటి వాక్యం, ఇంతమంది ఉన్నారనుకుందాం అని. ఎంతమంది అన్నది ఎప్పుడూ ఎవరో ఇచ్చేదే. ఎవరు ఇస్తారని ఎప్పుడూ అడగలేదు. ముడిమ్యాలలోనూ అడగలేదు. అదీ మైసమ్మ అత్త విషయంలో. తల్లి పోయాక ఇంటర్ రెండేళ్లూ తన దగ్గరుండి వండిపెట్టి, పరీక్షల రోజుల్లో పొద్దున్నే లేపి చదివించిన మనిషి విషయంలో. ఆమెకు చెప్పలేనంత సిగ్గేసింది.

మర్నాడు మొయినాబాద్‌లో దిగి షేర్ ఆటో ఎక్కి అత్త ఉండే హిమాయత్‌నగర్ పల్లెకు పోయింది. మైసమ్మ అన్నదమ్ములిద్దరికీ పెద్దది. భర్త పోయాక కూలికి పోతోంది. ఆ మధ్యాహ్నం ఎవరిదో బంతి తోటలో పూలు కోస్తోంది. గట్టు మీద కూర్చోబెట్టి ప్రవళిక అంతా చెప్పింది. మైసమ్మ పూల బుట్ట పక్కన పెట్టి వింది.

"గింజలు ఏసిన్రా. మంచిగున్నది. మరి నాకెయ్యలే?"

"మర్చిపోయిన అత్తా."

"నువ్వొక్కదానివే మర్చిపోయినవా ఏంది. అందరు మర్చిపోయిన్రు." కొంగుతో మొహం తుడుచుకుంది. "వాగు పక్క రేగడి ఉన్నదే, దాన్ల రాళ్లు ఎవలు ఏరిన్రనుకున్నవ్? మా అయ్యతోని నేను ఏరిన. ఈళ్లిద్దరికి అప్పటికి లాగులు గూడ లెవ్వు. నూరు గింజలు ఇస్తే నూరు గూడ దాని మీదనే పెడ్త."

"రా మరి. శాంసన్ సార్ ఉంటడు. అడుగుదాం."

"కొమురయ్య ఊకుంటడా?" మైసమ్మ తల వంచి, జుట్టు పాయ తీసి చూపించింది. మాడు మీద వేలెడు మచ్చ. "గిది వాడే. వాడికి పన్నెండేళ్లప్పుడు. బర్రెను కట్టెయ్యలేదని మోకుగుంజతోని కొట్టిండు. వాడికి కోపమొస్తే కండ్లు కనపడయి."

ప్రవళిక ఆ మచ్చ చూసింది. కానీ ఆమె బుర్ర అప్పటికే లెక్క కట్టేసింది. బోరు బాపుకు, రోడ్డు చిన్నబాపుకు, వాగు అత్తకు. ముగ్గురిలో ప్రతి ఒక్కరికీ మూడో వంతు కంటే చాలా ఎక్కువ. బాపు ఇరవై అయిదు గింజలు వదులుకుంటే చాలు, అరవై మిగులుతాయి. ఇంత మంచి లెక్క కళ్ల ముందు పెడితే ఎవరైనా ఎందుకు కాదంటారు అనుకుంది. తండ్రికి ముందుగా చెప్పలేదు. అందరి ముందు చెబితేనే మేలనుకుంది. ఆమె చేసిన రెండో తప్పు అది.

ఆదివారం పొద్దున పది గంటలకు బోరు పక్కన రేకుల షెడ్డు కింద కూర్చున్నారు. హద్దులు పాతడానికి గడ్డపార, పార, ముళ్లకంపలు కొట్టడానికి గొడ్డలి తెచ్చి షెడ్డు గోడకు ఆనించారు. కొమురయ్య ఎడమ చెయ్యి కట్టుతో మెడకు వేలాడుతోంది. అక్కను చూసి, "ఏమక్కా, నువ్వొచ్చినవ్" అన్నాడు. గొంతులో ఇంకా కోపం లేదు.

ప్రవళిక షెడ్డు గచ్చు మీద మళ్లీ పటం గీసింది. చింతగింజలు రెండు కుప్పలు పోసింది. కాస్త ఆగి, మూడో కుప్ప పోసి అత్త ముందుకు జరిపింది.

"గిదేంది?" అన్నాడు కొమురయ్య.

ఆమె చెప్పింది. వీలైనంత మెత్తగా, లెక్కతో సహా చెప్పింది. తండ్రి మొహం చూస్తూ చెప్పింది కాబట్టి, అది గట్టిపడుతూ పోవడం కూడా చూసింది.

"వాగురేగడి నాకొచ్చింది. పోయిన వారమే వచ్చింది. నువ్వే చెప్పినవ్."

"అప్పుడు ఇద్దరే అనుకున్న బాపు. తప్పు నాది."

"పెండ్లి చేసి పంపినం. ఇంక ఏంది ఇచ్చేది?"

కుర్మయ్య కూడా నేల చూస్తూ, "గిప్పుడు మల్ల మొదలువెడ్తే రోడ్డు భూమి గూడ కదుల్తది. వద్దు బిడ్డా" అన్నాడు.

మైసమ్మ గింజల మీద చెయ్యి పెట్టి కూర్చుంది. గొంతులు లేస్తున్నాయని శాంసన్ సార్ చేతులు చాపాడు. "లొల్లి వద్దు. ముగ్గురు తోబుట్టువులు. చేతులు లేపుండ్రి. ఇద్దరు ఏదంటే అది చేద్దాం. అక్కకు వాటా వద్దనేటోళ్లు ఎవరు?"

సార్ మంచి మనసుతోనే అన్నాడు. ఊరంతా అలాగే తేల్చుకుంటుంది. కుర్మయ్య చెయ్యి లేచింది. ఆ పక్కనే కొమురయ్య, కుడి చేత్తో బీడీ పట్టుకుని ఉన్నందుకు, మెడకు వేలాడుతున్న కట్టు చేతినే భుజం దాకా ఎత్తాడు. తమ్ముడి కొడుకు విరగ్గొట్టిన చెయ్యి, ఆ తమ్ముడి చేతి పక్కన గాల్లో నిలబడింది. క్రాంతి అది చూసి మొహం తిప్పుకున్నాడు.

ప్రవళికకు అప్పుడు ఒళ్లు మండింది. ఇది ఆమెకు బాగా తెలిసిన లెక్క. ముగ్గురిలో ఏ ఇద్దరు కలిసినా మూడోవాడి చేతిలోది మొత్తం లాక్కోవచ్చు. తర్వాత ఆ మూడోవాడు ఇద్దరిలో ఒకడిని తన వైపు లాగి రెండోవాడిది లాక్కోవచ్చు. దానికి అంతు ఉండదు. చూపిస్తే అర్థమవుతుందనుకుంది.

"ఇద్దరంటే ఇద్దరే గదా సార్? సరే. నేనొకటి అడుగుత. చిన్నబాపు, రోడ్డు భూమి, బోరుచెలక రెండూ నీకు. వాగురేగడి అత్తకు. మా బాపుకు ఏం లేదు. చేతులు లేపుతరా?"

ఇది ఉదాహరణ అని చెప్పడానికి ఆమె నోరు తెరిచే లోపే, కుర్మయ్య కళ్లు బోరు వైపు పోయాయి. పైపులోంచి నీళ్లు తెల్లగా దూకుతున్నాయి. అతని చెయ్యి ఒళ్లోంచి లేచింది. ఛాతీ దాకా వచ్చి ఆగి, మళ్లీ లేచింది.

మైసమ్మ తమ్ముడు కొమురయ్య వైపు చూసింది.

"నన్ను తీసేసేటప్పుడు నీ ఇరిగిన చెయ్యి గూడ లేసింది గదరా" అని, తనూ చెయ్యి ఎత్తింది.

కొమురయ్య లేచాడు. ఎవరూ ఏమీ అనుకోలేదు. బయటికి పోతున్నాడనుకున్నారు. గోడ దాకా పోయి గొడ్డలి తీసుకుని తిరిగాడు. చెయ్యి ఎత్తిన తమ్ముడు రెండడుగుల దూరంలో ఉన్నాడు. అతన్ని దాటి పోయి, గచ్చు మీద కూర్చుని ఉన్న అక్క మీద గొడ్డలి ఎత్తాడు.

మైసమ్మ కుడి అరచెయ్యి అడ్డం పెట్టింది. తడి కట్టె మీద పడ్డట్టు చప్పుడైంది. రెండు వేళ్లు పటం మీద, సుద్దగీతల మధ్య పడ్డాయి. గొడ్డలి అక్కడ ఆగలేదు, దిగి మెడ పక్క ఎముకలో కూరుకుంది. ఆమె అరవలేదు. ఊపిరి ఒక్కసారి బయటికి పోయినట్టు శబ్దం చేసి వెనక్కి ఒరిగింది. కొమురయ్య కాలు ఆమె భుజం మీద పెట్టి గొడ్డలి పెరికాడు. రక్తం చిమ్మి రేకు మీద పడింది. మళ్లీ ఎత్తాడు.

క్రాంతి దూకాడు. పెదనాన్న నడుమును వెనక నుంచి పట్టుకున్నాడు. కొమురయ్య వెనక్కి విసిరిన దెబ్బకు అతని తొడ చీలి ప్యాంటు నల్లబడింది. అయినా వదల్లేదు. కుర్మయ్య ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే కూర్చుండిపోయాడు. శాంసన్ సార్ మైసమ్మ మీద అడ్డంగా పడ్డాడు. గొడ్డలి ఇంకా కొమురయ్య కుడి చేతిలోనే ఉంది. అరవై ఏళ్లు దగ్గరపడ్డా, గొర్రెల వెంట తిరిగి పొద్దంతా కొమ్మలు కొట్టిన చెయ్యి అది. దాన్ని ఎవరూ పట్టలేరు.

ప్రవళిక ఆ చెయ్యి పట్టుకోలేదు. రెండో చెయ్యి పట్టుకుంది. కట్టు ఉన్న ముంజేతిని రెండు చేతులా పట్టి, కాళ్లు నేలకు తన్ని, ఒంటి బరువంతా వేసి మెలితిప్పింది. కట్టు లోపల ఎముక మళ్లీ విరిగింది. చప్పుడు ఆమెకు చెవులతో కంటే వేళ్లతో ఎక్కువ తెలిసింది. తండ్రి గొంతులోంచి పొట్టేలు అరుపు లాంటిది వచ్చింది. గొడ్డలి జారి గచ్చు మీద పడింది. ఆమె వదల్లేదు. ఆయన మోకాళ్ల మీద కూలినా, ఇంకోసారి తిప్పింది. ఆ రెండోసారి అవసరం లేదు. అది ఆమెకు అప్పుడే తెలుసు.

"ఇడువు చెల్లె. పడ్డది గొడ్డలి. ఇడువు" అని క్రాంతి చెబుతుంటే వదిలింది.

కొమురయ్య నేల మీద నుంచి కూతుర్ని చూశాడు. కోపంగా కాదు. ఎవరో గుర్తుపట్టలేనట్టు చూశాడు.

మైసమ్మ బతికింది. చేవెళ్లలో రక్తం ఆపి, పట్నం పంపారు. నాలుగు గంటలు ఆపరేషన్ చేశారు. వేళ్లు అతకలేదు. కుడి భుజం పైకి లేవదు, బుట్ట మోయడం ఇక కాదన్నారు.

మూడో రోజు ఎస్సై వాంగ్మూలం రాసుకోవడానికి వస్తున్నాడని తెలిసి కుర్మయ్య ముందే వచ్చాడు. ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని, "కంప కొట్టంగ గొడ్డలి జారిందని చెప్దాం బిడ్డా. అన్న జైలుకు పోతే ఇంటి పరువేమైతది. మా క్రాంతిగాని మీద గూడ చెయ్యి కేసు రాకుంట ఉంటది" అన్నాడు.

పక్కనే కుట్లు వేసిన తొడ చాపుకుని క్రాంతి కూర్చున్నాడు. ప్రవళిక అతన్ని అడిగింది. "నువ్వేమంటవ్ అన్న?"

అతను తండ్రి మొహం చూశాడు, నేల చూశాడు.

"నీకు ఏది నిజమైతే అది చెప్పు. నా పేరు గూడ చెప్పు. పెద్దబాపును పడ్డంక గూడ కొట్టిన నేను."

ఆమె అంతా చెప్పింది. పొట్టేలు తల నుంచి పార కట్టె దాకా, గొడ్డలి దాకా. తను అడిగిన ప్రశ్న కూడా చెప్పింది. ఎస్సై రాయడం ఆపి తలెత్తి, "అది ఎందుకు అడిగినవ్?" అన్నాడు.

"అట్ల అడిగితే ఏమైతదో చూపిద్దామని."

"ఏమైతదో తెల్వదా నీకు?"

"లెక్క ప్రకారం తెలుసు సార్" అంది. అతను రాసుకున్నాడు. తండ్రి చెయ్యి తనే విరిచిందనీ, రెండోసారి కావాలనే తిప్పిందనీ రాయించింది. మొదటిది రాసి రెండోది వదిలేస్తుంటే, అది కూడా రాయమంది.

కొమురయ్య రెండు నెలలు లోపల ఉండి బెయిలు మీద వచ్చాడు. క్రాంతి మీద కేసు వేరుగా నడుస్తోంది. విశ్వేశ్వర్ సార్ ఒకరోజు, ఇదంతా పేర్లు మార్చి ఒక అధ్యాయం రాస్తే బాగుంటుందేమో ఆలోచించమన్నాడు. ఆమె రెండు నెలలు ఆ ఫైలు తెరిచి మూసింది. ఇంతమంది ఉన్నారనుకుందాం అన్న వాక్యం దగ్గరే వేలు ఆగిపోయేది. చివరికి ఆ అధ్యాయం రాయలేదు. ఎంతమందిని లెక్కలోకి తీసుకోవాలి అన్నదాని మీదే కొత్తగా పని మొదలుపెట్టింది. అది ఇంకో రెండేళ్లు పడుతుందని ఆయన హెచ్చరించాడు. పట్టనీయండి అంది.

భూమి మాత్రం పంచుకున్నారు. ఎవరు ఎవరికి నచ్చజెప్పారో ప్రవళికకు పూర్తిగా తెలియదు. శాంసన్ సార్ జైలుకు మూడుసార్లు పోయొచ్చాడని తెలుసు. ఒక వకీలు కాగితాలు రాశాడు. బోరుచెలక కొమురయ్యకు, రోడ్డు తునక కుర్మయ్యకు, వాగురేగడి మైసమ్మకు. దసరా పోయాక ఒక మధ్యాహ్నం చేవెళ్ల రిజిస్ట్రేషన్ ఆఫీసులో సంతకాలు జరిగాయి. మైసమ్మ ఎడమ చేతి వేలిముద్ర వేసింది. అన్నదమ్ములు ఆమె వైపు చూడలేదు. ఆమె మాత్రం ఇద్దరినీ తేరిపారా చూసింది.

పని అయ్యాక కొమురయ్య ఆఫీసు మెట్ల పక్కన నిలబడి నీళ్ల సీసా మూత తియ్యడానికి తంటాలు పడుతున్నాడు. ఎడమ చెయ్యి వంకరగా అతుక్కుంది, పట్టు లేదు. ప్రవళిక పోయి సీసా తీసుకుని మూత తిప్పి ఇచ్చింది. అయిదు నెలల్లో అంత దగ్గరగా నిలబడడం అదే.

ఆయన తాగి, మూతి తుడుచుకుని, రోడ్డు చూస్తూ అన్నాడు. "నువ్వు వాణ్ని చెయ్యి లేపమనకుంటే నేను గొడ్డలి పట్టకపోదును."

"అడిగింది నిజమే బాపు. పోలీసోళ్లకు గూడ చెప్పిన."

"చెయ్యి గూడ నువ్వే ఇరగ్గొట్టినవ్."

"అవును."

"కన్నతండ్రిని."

"మల్ల గొడ్డలి ఎత్తితే మల్ల ఇరగ్గొడ్త."

ఆయన ఇంకేదో అంటాడని ఎదురు చూసింది. తిడితే బాగుండనిపించింది. ఆయన సీసా చంకలో ఇరికించుకుని ముడిమ్యాల బస్సు ఆగే వైపు నడిచాడు. నడకలో ఒక పక్కకు వాలుతున్నాడు. అది ఎప్పటి నుంచో ఆమెకు తెలియదు.

రోడ్డవతల మొయినాబాద్ వైపు పోయే ఆటోలో మైసమ్మ కూర్చుని ఉంది. ప్రవళిక ఎక్కి పక్కన కూర్చుంది. ఆటో నిండేదాకా కదలలేదు. కదిలాక మైసమ్మ అడిగింది.

"ఏమంటడు?"

"నాదే తప్పంటడు."

మైసమ్మ ఆటో కుదుపులకు కుడి భుజం తగలకుండా ఎడమ చేత్తో పట్టుకుంది.

"నువ్వు నాకు ముందు చెప్పినట్టు వానికి గూడ ముందు చెప్పాల్నుండె. అంతవరకు నీది" అంది. "మిగిలింది వానిది. వానిది నువ్వు మొయ్యకు."

ప్రవళికకు కళ్లు మండాయి. తల అత్త మంచి భుజం మీద ఆనించింది. బంతి తోటలు, ప్రహరీ గోడలు, మళ్లీ తోటలు వెనక్కి పోతున్నాయి. శనగ వేద్దామా, జొన్న వేద్దామా అని మైసమ్మ అడిగింది. తను దున్నలేదు, క్రాంతి ట్రాక్టర్ మాట్లాడతానన్నాడట, రానివ్వాలో వద్దో తేల్చుకోలేకపోతోంది.

"రానియ్యి అత్తా" అంది ప్రవళిక.

"చూద్దాం తియ్యి. ఇంకా నేల పదను ఆరలే" అంది మైసమ్మ.